మా హాల్టులో పెళ్లికొడుకు

కోటిపల్లి లైన్లో మా హాల్టు దగ్గర రైలు ఆగదంటే నేను ఒప్పుకోను. అసలు వస్తే కదండీ, ఆగేదీ ఆగనిదీ! అలాగని ఖాళీగా ఉందనుకునేరు. ముహూర్తాల రోజులొస్తే ప్రీ వెడ్డింగ్ షూట్‌ల రద్దీకి ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టే సందుండదు.

మొన్న ఆదివారం ఒక జంట దిగింది, కారులోంచి. మిట్టమధ్యాహ్నం ఎండలో అబ్బాయికి సూటు, అమ్మాయి చేతిలో ఖాళీ ట్రంకు పెట్టె. "రైలొస్తున్నట్టు చూడండి సార్" అన్నాడు ఫొటోగ్రాఫర్. సారు చూశాడు. "అలా కాదు సార్, నమ్మకంగా!" ఆ చూపు ఇన్నేళ్లుగా ఇక్కడున్న మాకే కుదరడం లేదు, పాపం అతనికేం కుదురుతుంది? పట్టాల మీద గేదె మాత్రం ఒక్క టేకులో చేసేసింది. తర్వాత ఇంజన్ పొగ కోసమని గులాబీ రంగు పొగ వెలిగించారు. గాలి మళ్లి అదంతా ప్లాట్‌ఫాం మీద ధాన్యం ఆరబోసుకున్న రైతు మీదికొచ్చింది. ఫ్రేములో అడ్డంగా ఉన్నాడని ఆయన్నే పక్కకి జరగమన్నారు.

వీడియోకి 'వింటేజ్ స్టేషన్' అని పేరట. వింటేజా? కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేస్తే, యుద్ధానికి ఇనుము కావాలని 1940లో దొరలు పట్టాలు పీక్కుపోయారు. హిట్లర్ ఓటమిలో మా లైన్లోని ద్రాక్షారామం వాటా అన్నమాట. మళ్లీ బండి నడిచింది 2004లో. పట్టుబట్టి లైను తెప్పించిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, ఆ బండి చూడకుండానే. వచ్చిందైనా ఎంత? ఒక్క పెట్టె రైలుబస్సు. 2020లో కరోనా పేరు చెప్పి అదీ ఆపేశారు.

కరోనా పోయింది. బార్లు తెరిచారు, సినిమా హాళ్లు తెరిచారు. రైలుబస్సు సంగతి అడిగితే మాత్రం నష్టాలంటారు. ఒక్క పెట్టెకి నష్టమా? ఊరి రోడ్డు లాభాల్లో ఉందా? వీధి దీపం లాభాల్లో ఉందా? పట్టాలు పీకినవాడు పరాయివాడు, వాడికి హిట్లర్ అడ్డమొచ్చాడు. పట్టాలుంచి బండి ఎత్తేసినవాళ్లకి ఎవడడ్డమొచ్చాడయ్యా?

సరే, షూట్ సర్దేస్తున్నారు. జామకాయల గంపతో ఒక మామ్మగారు హడావుడిగా వచ్చింది.

"ఏం బాబూ, బండొత్తందా?"

"బండి ఎడిటింగ్‌లో వస్తుందండి మామ్మగారూ."

ఆవిడ గంప దించి, బొడ్లోంచి చిల్లర తీసింది. "అయితే రామచంద్రపురానికి టికెట్టెంత?"