సాక్షి సమన్ల సావు

కడపలో భరణం కోసం సివిల్ దావా నడిపేటోళ్లకు సాక్షిని కోర్టుకు పిలిపించేదే పెద్ద యాతన. ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన అంశాలు, ఖరారైన 15 రోజుల్లోపు సాక్షుల జాబితా ఇయ్యాల, సమన్లు పంపేదానికి ప్రాసెస్ ఫీజు, సాక్షి రానూపోనూ ఖర్చులకు బత్తా కట్టాల. సరే, కడతారు. కానీ పాత అడ్రస్ రాసిన్రా, 'ఇంటికి తాళం' అని సమన్లు వెనక్కి! మళ్లా వాయిదా. పెళ్లిలో పెద్దరికం చేసిన మామకు సరిగ్గా ఆ రోజే ప్రొద్దుటూరులో పనుంటుంది. సమన్లు తలుపుకు అంటిస్తే, ఇల్లు చూపించినోళ్ల పేరు, అడ్రసు రిపోర్టులో ఉండాల. పక్కింటోళ్లేమో 'మాకెందుకప్పా' అంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 16 రూల్ 7ఏ కింద దస్తీ అడిగి, కోర్టు ఒప్పుకుంటే, పార్టీనే స్వయంగా సమన్లు సాక్షి చేతికియ్యొచ్చు. ఆ సాక్షి ముట్టినట్టు సంతకం పెట్టనంటే? మళ్లా కోర్టు ద్వారానే, మొదటికొచ్చె!