బెల్ట్ మార్చడం రిపేరు కాదండీ బాబూ

గార్డెన్ ట్రాక్టర్‌కి తగిలించిన గడ్డి కోసే డెక్ సరిగ్గా తిరగట్లేదని ఎవరైనా అనడమే ఆలస్యం, "బెల్ట్ మార్చేయండి" అనే సలహా వచ్చి పడుతుంది. మారుస్తారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత మళ్లీ అదే కీచు శబ్దం, అదే కాలిన రబ్బరు వాసన, మళ్లీ తెగిన బెల్ట్. అప్పుడొచ్చే రెండో సలహా ఇంకా గొప్పది: "కంపెనీ బెల్టే వేశారా, బయటిదా?" అంటే తప్పు ఇంకా బెల్ట్‌దేనన్నమాట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. జ్వరం తగ్గట్లేదని థర్మామీటర్ మార్చినట్టుంది ఈ వరస. ఇంజన్ నుంచి బ్లేడు దాకా ఉన్న వాటన్నిటిలో మెత్తటి వస్తువు బెల్ట్ ఒక్కటే. దారిలో ఏ ఇనుప ముక్క అరిగినా, వంగినా, బిగుసుకుపోయినా దెబ్బ తినేది అదే. ముందు చచ్చింది కాబట్టి నేరం దాని మీదకి తోసేస్తున్నాం.

తెగిన బెల్ట్‌ని చూడకుండా చెత్తబుట్టలో వేసేవాళ్లని చూస్తే ఇంకా చిరాకు. ఏం జరిగిందో చెప్పే సాక్షి అదొక్కటే కదా. రెండు పక్కలూ నున్నగా అద్దంలా మెరుస్తున్నాయంటే అది జారుతూ నడిచింది, అంటే బిగింపు చాల్లేదు. ఒక పక్క మాత్రమే అరిగిందంటే పుల్లీలు ఒకే వరసలో లేవు. మిగతా అంతా బాగుండి ఒక్కచోట మాత్రం కాలి గుంట పడిందంటే, ఇంజన్ పుల్లీ తిరుగుతూనే ఉంది కానీ బెల్ట్ కదలకుండా నిలబడిపోయింది. ముందు ఎక్కడో ఒక బేరింగ్ పట్టేసింది, లేదా బ్లేడుకి ఏదో అడ్డం పడింది. అడుగు భాగం మెరుస్తుంటే అది పుల్లీ గాడి అడుక్కి దిగి నడిచింది. ఇక బెల్ట్ గాడిలో తిరగబడి వెనక్కీ ముందుకీ మెలికపడుతుంటే లోపలి దారాలు కొన్ని తెగి ఉండొచ్చు. చాలాసార్లు ఆ దారాలు తెగేది నడిచేటప్పుడు కాదు, ఎక్కించేటప్పుడు. స్క్రూడ్రైవర్ పెట్టి పుల్లీ మీదకి బలవంతంగా ఎక్కిస్తే కొత్త బెల్ట్ మొదటి రోజే సగం పోయినట్టే.

పుల్లీ గాడి గురించి చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చూడరు. వీ బెల్ట్ (అడుగు సన్నగా, పైన వెడల్పుగా ఉండే బెల్ట్) పట్టు అంతా పక్కల మీదే. గాడి అడుగుతో దానికి పని లేదు, అసలు తగలనే కూడదు. కొత్త బెల్ట్ వేసినప్పుడు దాని పైభాగం పుల్లీ అంచుతో సమానంగానో, ఒక రవ్వ పైకో ఉండాలి. లోపలికి దిగిపోయిందంటే వేసిన బెల్ట్ సన్నది, లేదా గాడి గోడలు అరిగిపోయాయి. 13 మిల్లీమీటర్ల వెడల్పుండే 'A' సైజు బెల్ట్‌ని 17 మిల్లీమీటర్ల 'B' సైజు గాడిలో వేసి, "పొడవు కరెక్టే కదా" అని వాదించేవాళ్లున్నారు. పొడవొక్కటే సరిపోతే సరిపోదు. అరిగిన గాడిలో ఎంత మంచి బెల్ట్ వేసినా అడుక్కి దిగి జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే గట్టిపడుతుంది, గట్టిపడింది ఇంకా జారుతుంది. రేకుతో ఒత్తి చేసిన పుల్లీలైతే అరిగేకొద్దీ అంచు కత్తిలా పదునెక్కుతుంది, చెయ్యి పెట్టేటప్పుడు జాగ్రత్త.

బెల్ట్ రకం పట్టింపే లేదని మాత్రం అననండోయ్. డెక్ బెల్ట్ బతుకు వేరు. చాలా ట్రాక్టర్లలో బ్లేడు తిప్పే లివర్ వేసిన ప్రతిసారీ అది కాసేపు జారి ఆ తర్వాతే పట్టుకుంటుంది, పైగా దాన్ని బిగించి పట్టే ఐడ్లర్ పుల్లీల మీద వెనక్కి కూడా వంగుతుంది. అందుకే అలాంటి చోట చుట్టూ గుడ్డ పొరా, లోపల తేలిగ్గా తెగని అరామిడ్ దారాలూ ఉన్న బెల్ట్‌లు వేస్తారు. ఫ్యాన్లకీ పంపులకీ వాడే మామూలు బెల్ట్ ఆ పనికి పుట్టలేదు. కానీ సరైన బెల్ట్ వేశాక కూడా తెగుతోందంటే ఇక దాన్ని వదిలేసి మిగతా వాటిని చూడాలి కదా!

నన్నడిగితే అసలు దొంగ ఐడ్లర్ ఆర్మ్. బెల్ట్‌ని బిగించి పట్టుకునే పుల్లీ ఉంటుంది చూడండి, అది ఒక చిన్న చెయ్యి చివర ఉంటుంది, ఆ చెయ్యి ఒక బోల్టు చుట్టూ తిరుగుతుంది. ఆ బోల్టు చుట్టూ ఉండే బుష్ అనే చిన్న గొట్టం అరుగుతుంది, లేదంటే రంధ్రమే కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతుంది. ఇంజన్ ఆపి, లివర్ వదిలేసి చూస్తే అన్నీ తిన్నగానే ఉంటాయి. బిగింపు పడగానే చెయ్యి ఓ పక్కకి ఒరుగుతుంది, దాంతో పుల్లీ వాలుతుంది, బెల్ట్ ఒక అంచునే రాసుకుంటూ పోతుంది. అందుకే "నేను చూశాను, అంతా లైన్‌లోనే ఉంది" అనే మాట నేను నమ్మను. బిగింపు వేసి చూశారా? ఇంజన్ ఆపి ఉండగానే స్ప్రింగ్ లాగుడు పడేలా పెట్టి, పుల్లీల పక్కన తిన్నటి ఇనుప పట్టీ ఆనించి చూడండి. చేత్తో ఆ ఆర్మ్‌ని పైకీ కిందకీ ఊపండి. టకటక ఆడుతోందంటే దొరికినట్టే. ఒక చిన్న బుష్, ఒక బోల్టు, ఒక వాషర్‌తో పోయే రోగం అది. స్ప్రింగ్ కొక్కేలు అరిగి సన్నబడ్డాయేమో, స్ప్రింగే సాగిపోయిందేమో కూడా అప్పుడే చూసేయొచ్చు.

ఇంకో పెద్ద అపోహ ఉంది. ఐడ్లర్ పుల్లీని వేలితో తిప్పి, గిర్రున చాలాసేపు తిరిగితే "సూపర్‌గా ఉంది" అంటారు. సూపర్ కాదు, లోపల గ్రీజు ఎండిపోయిందన్నమాట! సీలు ఉన్న బేరింగ్‌లో గ్రీజు సరిగ్గా ఉంటే కాస్త బరువుగా తిరిగి తొందరగానే ఆగుతుంది. సైకిల్ చక్రంలా ఆగకుండా తిరుగుతూ పొడి శబ్దం చేస్తోందంటే దాని రోజులు దగ్గరపడ్డాయి.

బ్లేడు తిరిగే స్పిండిల్ సంగతికొస్తే, బ్లేడు కొసల్ని మందపాటి గ్లవ్స్ వేసుకుని పట్టుకుని పైకీ కిందకీ కదిపితే చాలు, ఆట (వదులు) ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే "మొత్తం అసెంబ్లీ మార్చాలి" అంటారు. ఎందుకండీ? లోపల ఉండేవి చాలా వాటిల్లో 6203, 6204, 6205 లాంటి మామూలు బాల్ బేరింగ్‌లే. నంబరు సీలు మీదో రింగు మీదో చెక్కి ఉంటుంది. 6203 అంటే లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు, ఎవరు తయారు చేసినా అవే కొలతలు. పాతవి తట్టి తీసి కొత్తవి నొక్కి పెట్టడం పెద్ద విద్యేం కాదు, కాకపోతే హౌసింగ్‌లోకి (బేరింగ్ కూర్చునే గూట్లోకి) నొక్కేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి, లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగ్ కూడా పాడవుతుంది. మొత్తం అసెంబ్లీ కొనాల్సిన సందర్భం ఒకటుంది: బేరింగ్ పట్టేసి, దాని బయటి రింగే హౌసింగ్‌లో తిరిగి తిరిగి రంధ్రాన్ని పెద్దది చేసేస్తే ఇంక చేసేదేం లేదు. అలాగే పైన పుల్లీ నట్టు లూజై, పుల్లీ మధ్యలోని స్టార్ రంధ్రమో కీ గాడో తినేసి ఉంటే, నట్టు ఎంత బిగించినా ఊగుతూనే ఉంటుంది. ఆ పుల్లీని మార్చాల్సిందే.

డెక్ మీద ప్రెజర్ నీళ్లు కొట్టి తళతళలాడించే అలవాటున్నవాళ్లు ఒక్కసారి ఆలోచించండి, ఆ నీళ్లు నేరుగా బేరింగ్ సీలు సందుల్లోంచి లోపలికి పోతాయి. మెరిసే డెక్, తుప్పు పట్టిన బేరింగ్.

ఎలక్ట్రిక్ పీటీఓ క్లచ్ (ఇంజన్ శక్తిని కరెంటుతో డెక్‌కి కలిపే, విడదీసే క్లచ్) ఉన్న ట్రాక్టర్లలో ఇంకో నాటకం. చల్లగా ఉన్నప్పుడు పడుతుంది, అరగంట నడిచాక వదిలేస్తుంది. వెంటనే "క్లచ్ పోయింది" అని తీర్పు. ఈ వరసలో బాగా ఖరీదైన వస్తువు అదే, దాన్నే ముందు మార్చమంటారు, ఏం ధైర్యమో! ముందు మల్టీమీటర్ తీయండి. కాయిల్ నిరోధం చాలా క్లచ్‌లలో 2 నుంచి 4 ఓమ్స్ మధ్య ఉంటుంది. 3 ఓమ్స్ అనుకుంటే 12 వోల్టుల మీద అది 4 ఆంపియర్లు లాగాలి. క్లచ్ ఆన్‌లో ఉండగా దాని కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 12 దాటి ఉండి ఇక్కడ 9, 10 వస్తోందంటే లోపం క్లచ్‌ది కాదు. స్విచ్చో, సీటు కింద స్విచ్చో, ఎర్త్ వైరో ఎక్కడో వోల్టేజీని తినేస్తోంది. అన్నీ బాగుంటే క్లచ్ పలకల మధ్య గ్యాప్ చూడండి. పలకలు అరిగేకొద్దీ మధ్య ఖాళీ పెరుగుతుంది, వేడెక్కిన కాయిల్‌కి నిరోధం పెరిగి లాగే శక్తి తగ్గుతుంది, రెండూ కలిసి అరగంట తర్వాత చెయ్యెత్తేస్తాయి. సర్దుబాటు చేసే వీలున్న క్లచ్‌లకి చుట్టూ మూడు కిటికీలు, మూడు నట్లు ఉంటాయి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టి మూడు చోట్లా సమానంగా, చాలా వాటికి 0.3 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య ఉంచాలి. కచ్చితమైన అంకె మీ మాన్యువల్‌లో చూసుకోండి. డెక్ ఆపినప్పుడు గరగరలాడి, వేయగానే శబ్దం తగ్గిపోతోందంటే మాత్రం క్లచ్ లోపలి బేరింగ్‌ని అనుమానించాలి, ఎందుకంటే పలకలు పట్టుకున్నప్పుడు పుల్లీ, షాఫ్టు కలిసే తిరుగుతాయి కాబట్టి ఆ బేరింగ్‌కి పని ఉండదు.

షాఫ్ట్‌తో నడిచే టిల్లర్లు, మంచు తోసే బ్లోయర్ల దగ్గర బెల్ట్ గొడవ తక్కువ, కానీ మొండితనం ఎక్కువ. షియర్ బోల్ట్ తెగుతోందని గట్టి బోల్టు వేసేవాళ్లకి నా నమస్కారం. తెగడమే దాని ఉద్యోగం! అది తెగకపోతే తర్వాత తెగేది గేర్‌బాక్స్‌లో పళ్లు. స్లిప్ క్లచ్ (భారం ఎక్కువైతే జారిపోయే క్లచ్) ఉన్నా ఇదే కథ, ఒక సీజనంతా మూలన పడేస్తే పలకలు తుప్పుతో అతుక్కుపోతాయి, అప్పుడది క్లచ్ కాదు, ఉత్త ఇనుప దిమ్మ. సీజన్ మొదట్లో స్ప్రింగ్ నట్లు వదులు చేసి కాసేపు జారనిచ్చి, మళ్లీ మాన్యువల్‌లో చెప్పిన కొలతకి బిగించాలి. షాఫ్ట్ విప్పి మళ్లీ తొడిగాక కొత్తగా వణుకు మొదలైతే, రెండు చివర్ల యోక్‌లు (జాయింట్‌ని పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. ఒక పన్ను తేడాగా తొడిగితే రెండు జాయింట్ల ఊపు ఒకదాన్నొకటి రద్దు చేసుకోదు, ఆ వణుకంతా గేర్‌బాక్స్ సీలు మీద, బేరింగ్‌ల మీద పడుతుంది. షాఫ్ట్ మీది స్ప్లైన్లకి (ఒకదాన్లో ఒకటి జారే పళ్లకి) గ్రీజు పెట్టడం గురించి వేరే చెప్పాలా?

వెతకడం కష్టమేమీ కాదు. తాళం చెవి తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, బెల్ట్ విప్పేసి ఒక్కో పుల్లీని ఒంటరిగా చేత్తో తిప్పండి. బెల్ట్ పుల్లీల మీద ఉండగా ఏ బేరింగ్ అరుస్తోందో ఎవరికీ తెలీదు. దేనికి ఆట ఉంది, దేనికి గరుకు ఉంది, ఏది బిగుసుకుంది అనేది అప్పుడు చెయ్యే చెబుతుంది. కాసేపు నడిపి ఇంజన్ ఆపిన వెంటనే వేడి చూస్తే, పక్కవాటి కంటే బాగా ఎక్కువ కాలిపోతున్నదే మీ దొంగ. ఇక మనిషి దిగితే ఇంజన్ ఆపేసే సీటు స్విచ్ వైరు కలిపేసి, ఇంజన్ నడుస్తుండగా దిగి డెక్ కిందకి తొంగి చూసే వీరులకి చెప్పేది ఒక్కటే: తెగిన బెల్ట్‌కి కొత్తది దొరుకుతుంది, వేళ్లకి దొరకదు.

ఇకమీదట "నా డెక్ బెల్ట్ ఏ కంపెనీది వేయమంటారు" అని నన్నడిగేవాళ్లు ముందు పాత బెల్ట్ ఫోటో పెట్టండి, పక్కలూ అడుగూ రెండూ కనబడేలా. బిగింపు వేసి ఉన్న ఐడ్లర్ ఆర్మ్ ఫోటో ఇంకోటి. ఆ రెండూ లేకుండా నేను కంపెనీ పేరు చెప్పను.