కంచం ముందు కనిపించని జబ్బు

గుంటూరులో ఒక కుటుంబం ఇటీవల కూతురి సంవత్సరీకానికి వచ్చిన బంధువుల విస్తళ్ల పక్కన ఒక కరపత్రం ఉంచింది. ఆ అమ్మాయిని బలితీసుకున్న జబ్బు పేరు అందులో ఉంది: అనొరెక్సియా నెర్వోసా, అంటే తిండి మానేసేలా చేసే మానసిక వ్యాధి. ‘గుండె ఆగిపోయింది’ అని మాత్రమే ఇన్నాళ్లూ చెబుతూ వచ్చిన ఇల్లది. ఆ మాట అబద్ధమేమీ కాదు. తిండిని దూరం చేసిన జబ్బే గుండెను ఆపిందని నోరు విప్పి చెప్పడానికి మాత్రం వారికి ఏడాది పట్టింది. ఇవన్నీ బయటపెట్టుకోవడం ఎందుకని ఆ భోజనాల దగ్గరే గొణిగినవారున్నారు. అంతకుముందు పరామర్శకు వచ్చి, ‘దగ్గర కూర్చుని నాలుగు ముద్దలు తినిపించి ఉంటే దక్కేదేమో’ అన్నవారూ ఉన్నారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లితో అనదగిన మాటేనా అది?

ఇలా తిండి మానడం మొండితనమని ఇంకా నమ్ముతున్నవారు తెలుసుకోవలసింది చాలా ఉంది. మానసిక వ్యాధుల్లో మరణాల రేటు అత్యధికంగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. తిండి చాలనప్పుడు శరీరం కొవ్వునే కాదు, కండనూ కరిగించుకుంటుంది. గుండె కూడా కండరమే. నాడి మందగిస్తుంది, నెలసరి ఆగుతుంది, మండుటెండలోనూ చలివేస్తుంది. తిన్నది వాంతి చేసుకునే బులీమియాలో బరువు మామూలుగానే ఉండవచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ రక్తంలో పొటాషియం పడిపోయి, ఏ క్షణంలోనైనా గుండె లయ తప్పవచ్చు. ఈ జబ్బులతో కుంగిపోయి ఆత్మహత్యకు పాల్పడేవారూ ఉన్నారు. మగపిల్లలకు ఇవి రావనుకోవడం మరో భ్రమ.

నెపమంతా ఫోను మీద వేయడం సులువు. ఫోను ఆజ్యం పోస్తున్న మాట నిజమే. అయితే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ అనే వైద్యులు ఎవరికి వారుగా ఈ జబ్బును వర్ణించింది 1873లో. జన్యువులు, ఆందోళన, సరదాగా మొదలుపెట్టిన డైటింగ్ కలిసి దీనికి దారితీస్తాయి. ఒకసారి మొదలయ్యాక ఆకలే మెదడును మార్చేస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు ఒక పరిశోధన కోసం స్వచ్ఛందంగా అర్ధాకలితో గడిపారు. కొన్ని నెలలకే వారికి తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టారు, కంచాలు నాకారు, దిగులులో కూరుకుపోయారు. ఇంటిల్లిపాదికీ మక్కువగా వండి వడ్డించి, తాను మాత్రం ‘ఇందాకే తిన్నాను’ అనే పిల్ల మన ఇళ్లలో ఉంటే ఆ మాటను ముచ్చటగా తీసుకోకూడదు.

మన దగ్గర ఈ జబ్బు దాక్కోవడానికి చోట్లు ఎక్కువ. శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారం ఉపవాసం, పెళ్లిచూపుల ముందు ‘కాస్త తగ్గితే బాగుంటుంది’ అనే పెద్దల సలహా. అన్నిటికంటే భద్రమైన చోటు హాస్టలు. విజయవాడ చుట్టూ రెసిడెన్షియల్ కాలేజీల్లో చదువుతున్న అమ్మాయి చిక్కిపోయి సెలవులకు వస్తే, ‘హాస్టల్ తిండి పడటం లేదు’ అన్న ఒక్క మాటతో ఇల్లంతా సమాధానపడుతుంది. వారాంతపు పరీక్షలో ర్యాంకు జారితే ఇంటికి ఫోను చేసే యాజమాన్యాలు, మెస్‌లో ఆ పిల్ల కంచం ఎన్నాళ్లుగా ముట్టకుండా కడిగే తొట్టెలోకి వెళుతోందో చెప్పగలవా?

వైద్యుల వైపు నుంచీ లోటు ఉంది. హాంకాంగ్ మానసిక వైద్యుడు సింగ్ లీ 1990ల్లోనే ఒక విషయం నమోదు చేశారు: తాను చూసిన రోగుల్లో చాలామంది లావవుతామన్న భయం గురించి చెప్పరు, కడుపు ఉబ్బరమంటారు. ఇక్కడైతే గ్యాస్ మాత్రలు, ఎండోస్కోపీ, నెలసరి కోసం మరో డాక్టరు, మధ్యలో దిష్టి తీయించడం. మానసిక వైద్యుడి గడప తొక్కేసరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతోంది. నాడి, రక్తపోటు, పొటాషియం, ఈసీజీ చూడటం పెద్ద ఖర్చేమీ కాదు. బాగా చిక్కిపోయినవారికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడమూ ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆస్పత్రి పర్యవేక్షణ అవసరం. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో మానసిక, పిల్లల, జనరల్ మెడిసిన్ విభాగాలు పోషకాహార నిపుణులతో కలిసి వారానికి ఒక రోజైనా ఓపీ నడపాలి. మానసిక రోగులకు శారీరక రోగులతో సమానంగా వైద్యం అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతూనే ఉంది. ఎవరిని అడగాలో తెలియని తల్లిదండ్రులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అనొరెక్సియా బారిన పడిన కౌమార వయసు పిల్లలకు బలమైన ఆధారాలున్న చికిత్సలో తల్లిదండ్రులే ప్రతి పూటా ఎదురుగా కూర్చుని, నిపుణుల సలహాతో తినిపిస్తారు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతి అది. హాస్టల్లో ఉంచి ఆ వైద్యం చేయించడం కుదరదు. వైద్యుడి చీటీ చూపిన విద్యార్థిని నెలల తరబడి ఇంటికి పంపడానికి, హాజరు తగ్గిందని పరీక్షకు అడ్డు చెప్పకుండా, మిగిలిన ఫీజు కోసం సర్టిఫికెట్లు బిగబట్టకుండా ఉండటానికి కాలేజీలు ఒప్పుకోవాలి. అడిగితే ఒప్పుకునే తీరు కాదు కనుక, వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ఇంటర్మీడియట్ బోర్డు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.