తొమ్మిది సెకన్ల విహారం

మా అత్తగారు బూడిదగుమ్మడి వడియాలు ఆరబెట్టిన మేడ మీదనే నేను రేడియో కంట్రోల్ హెలికాప్టరును తొలిసారి పైకి లేపడం తప్పేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను. 325 మిల్లీమీటర్ల రెక్కలు నిమిషానికి 2500 సార్లు తిరిగితే వాటి కొనలు గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పరుగెడతాయి కనుక, దానిని మనుషులు లేని ఖాళీ మైదానంలో, దూరంగా నిలబడి నడపాలని నాకు తెలియకపోలేదు. కాని ఆదివారం నాడు మా ఊరి మైదానం క్రికెట్ ఆడే పిల్లల సొత్తు. మేడ మీద వడియాలు తప్ప ఎవరూ లేరు.

నేనేమీ సన్నాహం లేకుండా దిగలేదు. నెల రోజులు కంప్యూటరులోని సిమ్యులేటరు మీద సాధన చేసి, పైసా ఖర్చు లేకుండా నూరు హెలికాప్టర్లను కూల్చాను. పక్కకు ఒరిగి పడిపోకుండా కాళ్ల కింద అడ్డకర్రలు కట్టి, వాటి చివర్లకు టేబుల్ టెన్నిస్ బంతులు తొడిగాను. ఆ వాలకం చూసి మా ఆవిడ, "ఏమండీ, దీనికింకా నడక కూడా రాలేదా?" అని అడిగింది.

బ్యాటరీ తగిలించాక కొన్ని సెకన్ల పాటు హెలికాప్టరును కదపకూడదు. తోకను నిలకడగా ఉంచే జైరో ఆ కాస్త వ్యవధిలోనే, కదలకుండా ఉండడమంటే ఏమిటో నేర్చుకుంటుంది. సరిగ్గా అప్పుడే కింది నుంచి "ఏమండీ, గ్యాస్ అబ్బాయి వచ్చాడు!" అన్న కేక వినబడగా, చేతిలోని యంత్రంతో సహా నేను గిర్రున వెనక్కి తిరిగాను. జైరో ఏమి నేర్చుకున్నదో ఆ దేవుడికే ఎరుక.

హెలికాప్టరు మోకాలెత్తు లేచింది. తోక నా వైపు ఉన్నంతసేపూ కుడి కుడిగానే, ఎడమ ఎడమగానే ఉన్నాయి. అంతలో తోక మెల్లగా పక్కకు జరిగి జరిగి, ముక్కు నా ముఖానికి ఎదురైంది. ఎదుటివారి మీసానికి పెరుగంటితే మనం "ఎడమ వైపు" అంటాము, వారు శ్రద్ధగా రెండో వైపు తుడుచుకుంటారు. నాకూ హెలికాప్టరుకూ మధ్య సరిగ్గా అదే జరిగింది. వడియాలకు దూరంగా పొమ్మని మీటను నొక్కిన కొద్దీ అది వడియాల మీదికే పోయింది.

అటువంటప్పుడు మోటారును ఆపడానికి థ్రాటిల్ హోల్డ్ అనే స్విచ్చు ఉన్నది. అది తప్ప మిగిలినవన్నీ నాకు గుర్తుకు వచ్చాయి. భయంతో మీటను పూర్తిగా కిందికి లాగాను. మామూలుగా అయితే మోటారు నెమ్మదించేదే, కాని కంగారులో నా వేలు తగిలి మరో స్విచ్చు ఐడిల్ అప్ అనే స్థితికి మారిపోయింది. ఆ స్థితిలో మీట కిందికి లాగితే మోటారు ఆగదు సరికదా, రెక్కలు తలకిందులుగా వాలి యంత్రాన్ని నేల వైపు తోస్తాయి. వడియాల కింది పాత పంచె లేచి రెక్కలకు చుట్టుకున్నది. వడియాలలో సగం పక్కింటివారి మేడ చేరాయి. తొలి విహారం తొమ్మిది సెకన్లలో ముగిసింది.

తోక గొట్టం విరిగింది, రెక్కల మధ్యనుండే ఇరుసు వంగింది, 150 పళ్ల తెల్లని ప్లాస్టిక్ చక్రం అంచున ఒక ముక్క ఎగిరిపోయింది. అంతా వెదికినా ఆ ముక్క దొరకలేదు. ఎగరని బ్యాటరీకి సైతం సేవ తప్పదు. నిండుగా వదిలేస్తే ఉబ్బుతుంది కనుక, ఒక్కో సెల్లును 4.2 వోల్టుల నుంచి 3.8కి దించుతూ ఆ సాయంత్రమంతా ఛార్జరు పక్కనే కూర్చున్నాను.

మా అత్తగారు నన్ను ఒక్క మాటా అనలేదు. పక్కింటి నుంచి వడియాలు ఏరి తెచ్చి, మరో నాలుగు రోజులు ఎండబెట్టి, పప్పుచారులోకి వేయించారు. మూడో ముద్ద దగ్గర ఆవిడ నమలడం ఆపి, నోట్లోంచి ఏదో తెల్లటి ముక్క తీసి, కట్టుడు పళ్లన్నీ నాలుకతో ఒకసారి తడిమి చూసుకుని, కూతురితో అన్నారు.

"ఈ పన్ను నాది కాదే అమ్మాయీ. మీ ఆయన్ని అడుగు."