ఎవరూ ఓడని టోర్నమెంటుకి

మహారాజశ్రీ వార్షిక ఓపెన్ చెస్ టోర్నమెంటు వారికి,

ఉభయకుశలోపరి. ఈ ఏడాది ప్రకటన అందింది. తొమ్మిది రౌండ్లు, క్లాసికల్ టైమ్ కంట్రోల్ (అంటే గంటల తరబడి సాగే ఆటలు), రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) ఉన్నా లేకున్నా రావచ్చు, వయసుతో పని లేదు. పేర్లిచ్చినవాళ్ల జాబితా అప్పుడే చాంతాడంత అయింది. మొదటి బహుమతి ఒక్కరికే అని అందులో అందరికీ తెలుసు. ఆ ఒక్కరు తాము కాదని, పైనున్న పదిమందిని మినహాయిస్తే, మిగతా అందరికీ తెలుసు. మరి ఇంతమంది ఎందుకు ఎగబడతారని బయటివాళ్లు అడుగుతుంటారు. వాళ్లకు తమరి గొప్పతనం తెలియదు. తమరు పంచే అసలు బహుమతి కప్పూ కాదు, చెక్కూ కాదు. ఓడిన ప్రతివాడి చేతిలోనూ ఒక గౌరవప్రదమైన కారణం పెట్టి మరీ ఇంటికి పంపిస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. తమరి హాల్లో ఉన్నన్ని రకాల మద్దెలలు ఇంకే ఆటలోనూ చూడలేదు.

చెస్‌లో పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఓడించినవాడు ఇంతవరకూ పుట్టలేదని ఒక పాత జోకు ఉంది. ఓడినవాడికి ఆరోజు తలనొప్పో, జలుబో, రాత్రంతా నిద్ర లేకపోవడమో తప్పకుండా ఉంటుందట. అవి చేత్తో చేసుకున్న సాకులు. పాపం, ఎవరిది వాళ్లే తయారు చేసుకోవాలి. తమరొచ్చాక ఆ బాధ తప్పింది.

ముందుగా పెయిరింగులు, అంటే ఎవరికి ఎవరు ప్రత్యర్థి అని జత కట్టడం. తమరు నమ్ముకున్న స్విస్ పద్ధతిని 1895లో జ్యూరిక్‌లో మొదటిసారి వాడారు. ఓడినవాణ్ణి ఇంటికి పంపకుండా, ప్రతి రౌండులోనూ దాదాపు సమానమైన పాయింట్లు ఉన్నవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టడం దాని సూత్రం. మంచి సూత్రమే, కాదనను. మొదటి రౌండులో మాత్రం జాబితాను సరిగ్గా సగానికి కోసి, పై సగాన్ని కింది సగంతో వరసగా జత కడతారు. 300 మంది ఉంటే ఒకటో నంబరు ఆటగాడికి 151వ నంబరు. ఆ రోజు కింది సగంలో ఎవరిని కదిపినా ఒకటే మాట: "పెద్దవాడు తగిలాడండీ." రెండో రోజు అదే మనిషి తనకన్నా 300 రేటింగ్ పాయింట్లు తక్కువున్నవాడి చేతిలో ఓడి వస్తాడు. "వాడి రేటింగ్ చూడకండి, ఆట చూడండి." మూడో రోజు సమానుడే వస్తాడు. అప్పుడు నల్లపావులు వస్తాయి, మొదటి ఎత్తు అవతలివాడిదైపోతుంది.

ఇంకొందరున్నారు. మొదట్లో ఒకటి రెండు ఆటలు పోతేనే మంచిది, తక్కువ పాయింట్లవాళ్లు కూర్చునే కింది బోర్డుల్లో తేలికైనవాళ్లు దొరుకుతారు, నెమ్మదిగా ఎగబాకవచ్చు అంటారు. దీనికి స్విస్ గాంబిట్ అని పేరు కూడా ఉంది; గాంబిట్ అంటే తర్వాతి లాభం కోసం ముందు ఏదో ఒకటి వదులుకోవడం. ఈ గాంబిట్ ఆడబోతున్నానని రౌండుకు ముందు చెప్పినవాణ్ణి మాత్రం నేనింతవరకూ చూడలేదు.

పెయిరింగుల మీద కోపం కింది బోర్డులకే పరిమితం అనుకోకండి. 2017లో జిబ్రాల్టర్ టోర్నమెంటులో మహిళల్లో ప్రపంచ నంబర్ వన్ హౌ యిఫాన్‌కి పది రౌండ్లలో ఏడుసార్లు మహిళలే ప్రత్యర్థులుగా వచ్చారు. ఆవిడకు ఒళ్లు మండింది. ఆఖరి రౌండుకి ఆలస్యంగా వచ్చి, మొదటి ఎత్తే రాజు వైపు గుర్రం ముందున్న బంటును రెండు గళ్లు తోసి, రెండో ఎత్తులో పక్కనే శకటు ముందున్న బంటును కదిపి, తన రాజుకు తానే తలుపులు బార్లా తెరిచి, అయిదో ఎత్తు తర్వాత చేతులెత్తేశారు. ఎదురుగా కూర్చున్నది మన తెలుగు గ్రాండ్‌మాస్టర్ లలిత్ బాబు. ఎత్తుకు పైఎత్తు వేద్దామంటే అవతల ఎత్తే లేదు పాపం. పెయిరింగులు కంప్యూటర్ వేసినవేనని, తప్పేమీ జరగలేదని నిర్వాహకులు వివరణ ఇచ్చారు. ఇక్కడే తమరి చాకచక్యం మెచ్చుకోవాలి. ఆర్బిటర్ (చెస్ రిఫరీ) జత కట్టాడంటే తగాదా పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ జత కట్టిందంటే ఎవరి కాలర్ పట్టుకుంటారు?

తర్వాత రేటింగ్. ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ కట్టిన లెక్కను ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970 నుంచి వాడుతోంది. ఆ లెక్క అందం చూడాలంటే మొదటి రౌండులో ఏదో ఒక పై బోర్డు దగ్గర నిలబడాలి. ఇటు 2400 ఉన్న నడివయసు మాస్టర్. అటు సరిగ్గా 2000 ఉన్న పిల్లవాడు. కుర్చీలో కూర్చుంటే అవతలి వరస అందదు కాబట్టి మోకాళ్ల మీద లేచి ఎత్తు వేస్తుంటాడు. వేసిన మరుక్షణం దిగి పక్క బోర్డు చూడటానికి పోతాడు. మాస్టర్ తల పట్టుకుని ఇరవై నిమిషాలు ఆలోచిస్తాడు. ఈ ఆట గెలిస్తే మాస్టర్‌కి వచ్చేది 0.8 రేటింగ్ పాయింటు. ఓడితే పోయేది 9.2. అదే ఆటలో పిల్లవాడు గెలిస్తే వాడికి 36.8 వస్తాయి, ఎందుకంటే 18 ఏళ్లలోపు, 2300 లోపు వాళ్లకు కె విలువ (ఒక్క ఆటతో రేటింగ్ ఎంత కదలాలో చెప్పే గుణకం) 40, మాస్టర్‌కి 10. తొమ్మిది పోయిన చోట ముప్ఫై ఆరు మొలిచే లెక్క ఏ వడ్డీ వ్యాపారీ చూసి ఉండడు. ఇంత అన్యాయపు పందెంలో కూర్చున్న మనిషి డ్రా చేసుకున్నా ఓడినట్టే కదా. కాబట్టి ఓడితే ఆశ్చర్యమేముంది? చూశారా, మాస్టర్ బయటికి రాకముందే ఆయన సాకు సిద్ధమైంది.

పిల్లల రేటింగులు వాళ్ల ఆట కంటే వెనకబడి ఉన్నాయన్న ఏడుపు మరీ ఎక్కువైందని కాబోలు, 2024 మార్చిలో ఫిడే ఒక సర్దుబాటు చేసింది. 2000 లోపు ఉన్నవాళ్లందరికీ, 2000కి ఎంత తక్కువున్నారో అందులో 40 శాతం ఒక్కసారిగా కలిపింది. 1500 ఉన్నవాడు ఒక్క బంటు కూడా కదపకుండా పొద్దున్న లేచేసరికి 1700 అయ్యాడు. ఇక ఆ సాకు చచ్చినట్టే అనుకున్నాం. చావలేదు. "చిన్నవాడి రేటింగ్ తక్కువ చూపిస్తోంది" అన్న మనిషే ఇప్పుడు "రేటింగులకి అర్థమే లేకుండా పోయింది" అంటున్నాడు.

ఇన్నిటిలోనూ నాకు మహా ఇష్టమైనది బుకోల్జ్. బ్రూనో బుకోల్జ్ అనే జర్మన్ 1932లో పెట్టిన పద్ధతి. ఇద్దరికో అయిదుగురికో సమానంగా పాయింట్లు వస్తే, ఎవరి ప్రత్యర్థులు మొత్తం మీద ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నారో వాళ్లు పైన. వినడానికి న్యాయంగానే ఉంది. ఆచరణలో ఏమవుతుందంటే, మొదటి రౌండులో తమరు ఒకాయన్ని చిత్తుగా ఓడిస్తారు. ఆ క్షణం నుంచి టోర్నమెంటు అయ్యేదాకా ఆయన క్షేమం కోసం మొక్కుకుంటూ తిరగాలి. ఆఖరి రౌండులో ఈ దృశ్యం ప్రతి ఏడూ కనబడుతుంది. తన ఆట తొందరగా ముగించుకున్న ఒక పెద్దమనిషి గబగబా కింది బోర్డుల వైపు వెళతాడు. అక్కడ తన మొదటి రౌండు బాధితుడి వెనక నిలబడతాడు. బాధితుడు గుర్రం మీద చెయ్యి వేయబోతాడు. పెద్దమనిషి ముఖం పాలిపోతుంది. బాధితుడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. పెద్దమనిషి ఊపిరి తీసుకుంటాడు. కన్నతండ్రి కూడా అంత ప్రేమగా చూడడు. బాధితుడు కూడా వెనక్కి తిరిగి, ఎంత మంచివాడో, నన్ను ఓడించి కూడా నా ఆట చూడటానికి వచ్చాడని మురిసిపోతాడు. చివరికి గుర్రాన్నే కదుపుతాడు. మంత్రి పోతుంది. రాత్రి ఫలితాల పట్టిక దగ్గర పెద్దమనిషి స్టేట్‌మెంట్: "నేను ఓడలేదండీ. నేను ఓడించినవాళ్లు ఓడారు."

మరీ అధ్వాన్నంగా ఆడిన ఒక్క ప్రత్యర్థిని లెక్కలోంచి తీసేసే 'కట్ 1' కూడా పెట్టారు, తమరి దయ. అయితే మా పెద్దమనిషి ఓడించినవాళ్లలో అలాంటివాళ్లు ఇద్దరున్నారు.

నార్మ్‌ల కోసం, అంటే టైటిల్‌కి లెక్కకొచ్చే ప్రదర్శనల కోసం వచ్చేవాళ్లది వేరే లోకం. గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌కి తొమ్మిది ఆటలు, 2600 స్థాయి ప్రదర్శన, ప్రత్యర్థుల్లో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు, తగినన్ని దేశాల వాళ్లు కావాలి. టైటిల్ రావాలంటే అలాంటివి మూడు, పైన 2500 రేటింగ్. ఏడో రౌండు తర్వాత వీళ్లు ఓపెనింగ్ చూసుకోరు, ప్రత్యర్థుల రేటింగుల సగటు కట్టుకుంటారు. గెలిచి కూడా ఏడవగల ఆటగాళ్లు ప్రపంచంలో వీళ్లొక్కరే. వీళ్ల చేతిలో ఓడిన మనిషికి టైటిల్ లేదు మరి.

పైనున్నవాళ్లకు ఆఖరి రౌండులో అసలు సాకులే అవసరం పడవు. 2005లో సోఫియాలో మొదలైన పద్ధతి ప్రకారం ఆటగాళ్లు తమలో తాము మాట్లాడుకుని డ్రా చేసుకోకూడదు. చాలా చోట్ల 30 ఎత్తుల లోపు డ్రా అడగకూడదని రాసుకున్నారు. దాంతో ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో 14 ఎత్తులకే ఒకే స్థితిని మూడుసార్లు రప్పించి (అలా వస్తే డ్రా), నిబంధన పుస్తకానికి నమస్కారం పెట్టి, సంతకాలు చేసి లేస్తున్నారు. నిబంధన నిక్షేపంగా ఉంది, ఆట మాత్రం లేదు.

వాచీ సంగతి కూడా రాయాలి. చేతికున్న వాచీ దొంగచాటుగా ఎత్తులు అందిస్తుందేమోనన్నది ఇక్కడి భయం. 2023లో ఖతార్ మాస్టర్స్ రెండో రౌండులో మాగ్నస్ కార్ల్‌సన్ కజకిస్థాన్ ఆటగాడు అలీషెర్ సులేమెనోవ్ చేతిలో ఓడారు. అవతలివాడు మోసం చేశాడని తాను అనడం లేదని చెబుతూనే, అతని చేతికున్న వాచీ చూడగానే ఏకాగ్రత పోయిందని ఆయన ప్రకటించారు. ప్రపంచ నంబర్ వన్ అంతటివాడు కొత్త సాకుకి ప్రారంభోత్సవం చేశాక కిందివాళ్లు ఊరుకుంటారా? ఆ తర్వాత నూట పాతికో బోర్డు దగ్గర కూడా ఒకరి మణికట్టు ఒకరు చూసుకుంటున్నారు. అయితే టాయిలెట్‌లో ఫోన్‌తో గ్రాండ్‌మాస్టర్ పట్టుబడిన స్ట్రాస్‌బర్గ్ ఓపెన్ 2019 నాటిదే కాబట్టి, ఈ అనుమానాన్ని పూర్తిగా నవ్వి కొట్టిపారేయలేను.

ఇక తమరి భక్తజనం. హాల్లో వందల బోర్డులున్నా, ఎత్తుల్ని వాటంతటవే పంపే ఎలక్ట్రానిక్ బోర్డులు పైన కొన్నే. ఆ కొన్నిటినీ ఇంట్లో కూర్చుని చూసేవాళ్లు తమరి అసలు బలగం. వీళ్ల తెర పక్కన నలుపు తెలుపు గీత ఒకటి పైకీ కిందకీ జారుతుంటుంది; ఎవరిది పైచేయో ఇంజిన్ అనే చెస్ ప్రోగ్రామ్ లెక్కకట్టి చూపే గీత అది. గ్రాండ్‌మాస్టర్ నలభై నిమిషాలు ఆలోచించి శకటును కదుపుతాడు. గీత కాస్త కుంగుతుంది. "అయ్యో, ఇంత సింపుల్ విషయం కనబడలేదా!" ఆ సింపుల్ విషయం తనకు కనబడింది గీత కుంగాకేనన్న సంగతి ఈ భక్తుడికి గుర్తుండదు. ఇంజిన్ చూపించిన ఎత్తు రెండు నిమిషాల్లో అతని సొంత ఎత్తు అయిపోతుంది. "నేనైతే ఏనుగు వేసేవాణ్ణి" అంటాడు. ఎందుకు అని అడిగితే గీత వైపు చూస్తాడు.

మోసాలు జరగకుండా చాలా చోట్ల ప్రసారాన్ని పావుగంట ఆలస్యంగా వదులుతారు. దాంతో ఆటగాడు చెయ్యి కలిపి, హాలు దాటి వెళ్లిపోయాక భక్తులు ఇంట్లో అరుస్తుంటారు: "గుర్రం ముట్టుకోకు!"

ఆట అయ్యాక ఫలితం తెలియడానికి ఎలక్ట్రానిక్ బోర్డు మీద రెండు రాజుల్నీ నడిబోర్డులో పెడతారు. రెండూ తెల్లగళ్లలో ఉంటే తెలుపు గెలిచినట్టు, నల్లగళ్లలో ఉంటే నలుపు, చెరోరకం గడిలో ఉంటే డ్రా. తెర మీద ఒక్కోసారి ఇది కూడా ఎత్తులాగే కనబడుతుంది. హాయిగా గెలిచే స్థితిలో ఉన్న తెల్లరాజు ఉన్నట్టుండి నడిబోర్డులో ఇ4 గడికి వచ్చి నిలబడతాడు. ఇంకేముంది, గగ్గోలు. టెన్షన్‌లో మతి పోయిందని ఒకడు, ఇంజిన్‌కి కూడా అందని లోతైన ప్లాన్ అని ఇంకొకడు. అవతల ఇద్దరూ సంతకాలు పెట్టి వెళ్లిపోయి అప్పటికే చాలాసేపైంది. లోతైన ప్లాన్ వాది మాత్రం తగ్గడు, ప్రసారం సరిగ్గా లేదంటాడు. ఆటే ఆడని మనిషికి కూడా ఒక మద్దెల దొరికింది.

హాలు తలుపు బయట నిలబడే తల్లిదండ్రుల గురించి ఎక్కువ రాయను. పిల్లవాడు తలుపు తోసుకు వచ్చే తీరు చూసి ఫలితం చెప్పేస్తారు. "ఏమైంది?" అని కాదు, "గెలిచే పొజిషనేగా?" అని అడుగుతారు. పదేళ్లవాడు అవునని తలూపుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో వాడి శిక్షణ పూర్తయినట్టే.

కాబట్టి ఈ ఏడాది కూడా నా పేరు రాసుకోండి. నాలుగో రౌండుకి అర పాయింటు బై (ఆడకుండానే అర పాయింటు ఇచ్చే సెలవు) కావాలి, ఆ రోజు ఆడి ఉంటే గెలిచేవాణ్ణని చెప్పుకోవడానికి ఒకటి ఉండాలి కదా.

ఇట్లు,
తమరి కింది బోర్డుల్లో ఒకడు

తా.క.: రౌండ్లన్నీ మధ్యాహ్నం పెట్టి, ఆఖరిది మాత్రం పొద్దున్నే పెట్టే అలవాటు దయచేసి మానకండి. తొమ్మిదో రౌండు నాటికి మా దగ్గర వేరే కారణాలేవీ మిగలవు.