రెజిమెంట్ పేరు ఒక్కటే చాలదు
తాతగారు పనిచేసిన స్కాటిష్ రెజిమెంట్ తెలిస్తే సొంతూరు దొరికినట్టేనన్న మాట నేను ఒప్పుకోలేను. ఒక్కో రెజిమెంట్ (సైనిక దళం) ఎక్కువగా ఒక్కో ప్రాంతం వాళ్లతో ఉండేది నిజమే, కానీ యుద్ధంలో ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి పంపేసేవారు. మా కోడలు స్కాట్లాండ్ అమ్మాయి. వాళ్ల తాతగారి టోపీ బ్యాడ్జి మీద జింక తల, చుట్టూ ఐవీ ఆకుల దండ. అది గోర్డన్ హైలాండర్స్ రెజిమెంట్‌ది కాబట్టి తమది ఆ రెజిమెంట్ ప్రాంతమైన అబర్డీన్ వైపేనని ఇంట్లో అందరూ అనుకున్నారు. తీరా డిశ్చార్జి కాగితాలు చూస్తే ఆయన మొదట చేరింది గ్లాస్గో వాళ్లు ఎక్కువగా ఉండే హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ అనే రెజిమెంట్‌లో! 1920 నుంచి సిపాయిలకిచ్చిన ఆర్మీ నంబరు రెజిమెంట్ మారినా మారదు, ఒక్కో రెజిమెంటుకు ఒక్కో వరుస ఉండేది. మొదట చేరిన రెజిమెంట్ ఏదో తెలియాలంటే ముందు ఆ నంబరు పట్టుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం వాళ్లకైతే ఇంకా కష్టం, 1940లో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు సగానికి పైగా సర్వీసు రికార్డులు కాలిపోయాయి. ఎవరికి ఏ పతకాలు రావాలో రాసిపెట్టిన మెడల్ కార్డులు మాత్రం మిగిలాయి, వాటిలో వెతకొచ్చు.