అడుగుల గడియారం గారికి, సాంబారు బకెట్టు మోసినవాడు రాయునది

మహారాజశ్రీ అడుగుల గడియారం గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరమూ క్షేమం. నా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకున్నదీ, రాత్రి ఎన్నిసార్లు ఒత్తిగిలినదీ తమ చిట్టాలో ముందే నమోదై ఉంటాయి కనుక, మా క్షేమం గురించి మాకంటే తమకే బాగా తెలుసు. దసరా తగ్గింపు ధరలో 3,999 రూపాయలు పోసి తెచ్చుకున్న నాటి నుంచి రెండేళ్లుగా తమరు నా ఎడమ మణికట్టు మీద కొలువై ఉన్నారు. ఈ రెండేళ్లలో తమ మాటకు ఎదురు చెప్పి ఎరుగను. లేవమంటే లేచాను, నడవమంటే నడిచాను, ఊపిరి పీల్చుకోమని బుజ్జగించినప్పుడు, అంతకుముందు కూడా పీలుస్తూనే ఉన్నప్పటికీ, తమ తృప్తి కోసం మరొకసారి పీల్చాను. ఇంతటి విధేయుడికి మొన్న ఆదివారం మా మేనకోడలి పెళ్లి భోజనాల దగ్గర తమరు చేసిన పరాభవం గురించి నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు.

పెళ్లి కోనసీమలో. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడి తినమంటే తినకుండానే వెళ్లిపోయే పెద్దలు ఇంకా మిగిలి ఉన్న ఊరు కావడం వల్ల బంతి భోజనాలే పెట్టారు. బంతికి నూట ఇరవై ఆకులు, మొత్తం నాలుగు బంతులు. పనసపొట్టు కూర, పులిహోర కుర్రవాళ్లు అందుకున్నారు. బూరెలో గుంట చేసి నెయ్యి పోసే పదవిలో శ్రమ తక్కువ, గౌరవం ఎక్కువ కనుక దాన్ని పెళ్లికూతురి బాబాయి గారు ముందే చేజిక్కించుకున్నారు. మేనమామను కాబట్టి కాదనలేక నేను సాంబారు బకెట్టు పట్టాను.

ఆ పని చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎడమ చేతిలో బకెట్టు, కుడి చేతిలో గరిటె. నడుము సగం వంచి, ఆకుకూ ఆకుకూ మధ్య పక్క అడుగు వేస్తూ, అన్నంలో గుంట చేసుకుని సిద్ధంగా ఉన్నవారికి ఆ గుంటలోనే పడేటట్టు, వద్దని చేయి అడ్డం పెట్టినవారికి వేళ్ల సందుల్లోంచి కొద్దిగానైనా జారేటట్టు పోసుకుంటూ, వరస చివరిదాకా వెళ్లి, వంటశాలకు పరిగెత్తి, గాడిపొయ్యి మీది గంగాళం లోంచి నింపించుకుని, మళ్లీ మొదటి ఆకు దగ్గరకు రావాలి. పక్కవారి పట్టుచీరల మీద తొణకకూడదు కాబట్టి బకెట్టు పట్టిన చేయి బిగుసుకుని ఉండాలి. ఈ ఒక్క సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, మన తగాదా అంతా దీనిమీదే.

మూడో బంతిలో, రెండున్నర ప్రాంతంలో, మా పెదనాన్నగారి ఆకు దగ్గర వంగి గరిటె ఎత్తానో లేదో తమరు మణికట్టు మీద గిజగిజలాడారు. నేను ఉలిక్కిపడ్డాను. గరిటెడు సాంబారు, ములక్కాడ ముక్కతో సహా, ఆయన పట్టు కండువా మీద పడింది. పెదనాన్నగారు పల్లెత్తు మాట అనలేదు. ములక్కాడ ముక్కను మాత్రం తీసి ఆకులో వేసుకున్నారు. ఏమి కొంప మునిగిందోనని తమ ముఖం చూశాను. గంట నుంచి కూర్చునే ఉన్నాననీ, లేచి కాసేపు అటూ ఇటూ నడిస్తే ఆరోగ్యానికి మంచిదనీ రాసి ఉంది. ఆ కింద కుర్చీలోంచి ఉత్సాహంగా లేస్తున్న ఒక మనిషి బొమ్మ. తమ లెక్క ప్రకారం ఆ రోజు అప్పటిదాకా నేను వేసిన అడుగులు 1,312.

అయ్యా, నాలుగు బంతులు పూర్తయి, మా ఆకుల ముందు మేము కూర్చునేసరికి మూడున్నర అయింది. పిక్కలు రాళ్లలా బిగిశాయి. భోజనం అయ్యాక అరుగు మీద చతికిలబడి, బకెట్టు మోసిన చేతికి కాస్త ఆటవిడుపుగా ఉంటుందని అదే చేత్తో తాటాకు విసనకర్ర అందుకుని ఓ అరగంట విసురుకున్నాను. లేచి చూసుకునేసరికి నా ఖాతాలో తొమ్మిది వందల చిల్లర అడుగులు కొత్తగా జమ అయి ఉన్నాయి. నడిచినప్పుడు కూర్చున్నావన్నారు, కూర్చున్నప్పుడు నడిచావన్నారు. మా ఎదురింటి తాతగారు మనవడి ఉయ్యాల ఊపుతూ రోజూ నాలుగు వేలు సంపాదిస్తున్నారంటే అంతకాలమూ నమ్మలేదు. పాపం, ఆయనకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

తమ అంతరంగం ఇప్పుడు నాకు అర్థమైంది. తమ కడుపులో ఉన్నది పైకీ కిందకీ, పక్కలకీ, ముందువెనకలకీ వచ్చే కుదుపును పసిగట్టే చిన్న సెన్సారు. చేయి లయగా ఊగితే కాలు కదిలినట్టు ఊహించి, ఆ ఊహనే అడుగులని రాసిపెడతారు. కాళ్లతో తమకు ఏ సంబంధమూ లేదు. చేతులు ఊపుకుంటూ నడిచేవాడికి తమ దగ్గర పూర్తి కూలి దొరుకుతుంది. చేతిలో బకెట్టో, బిందో, చంకలో బిడ్డో ఉన్నవారికి మాత్రం కోత పడుతుంది. రెండేళ్లపాటు సూపర్ మార్కెట్లో తోపుడు బండి పట్టుకుని తిరిగిన తిరుగుళ్లన్నీ ఏ గంగలో కలిశాయో ఇప్పుడు తెలిసింది.

ఇతర ఫిర్యాదులను సాగదీయను. పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 46 నిమిషాలకు పెట్టిన పురోహితుడిని వదిలేసి, నా నిద్రకు వందకు 31 మార్కులు వేసి, రేపైనా వేళకు పడుకోమని హితవు చెప్పారు. తిన్నది రాసుకోమంటే రాద్దామని కూర్చున్నాను, పిజ్జాలో పదకొండు రకాలు తెలిసిన తమ యాప్‌కు పూర్ణం బూరె తెలియదు. అది మీ దురదృష్టం, నాది కాదు.

కానీ ఆ పది వేల సంగతి వదలడం నా వల్ల కావడం లేదు. రోజుకు పది వేల అడుగులు అని తమరు వేదవాక్కులా చెబితే, ఏ మహావైద్యుడో నిర్ణయించి ఉంటాడని భయభక్తులతో నమ్మాను. విచారిస్తే తేలింది ఏమిటంటే, 1964 టోక్యో ఒలింపిక్స్ వేడి ఇంకా చల్లారకముందే, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టి దానికి మాన్‌పో-కెయ్ అని పేరు పెట్టింది. మాన్ అంటే పది వేలు, పో అంటే అడుగు, కెయ్ అంటే మీటరు. సరుకు అమ్ముకోవడానికి నోరు తిరిగే గుండ్రని అంకె కావలసి వచ్చింది, పెట్టుకున్నారు. మన చదివింపుల్లో నూట పదహార్లు ఎందుకని ఎవరూ అడగనట్టే, ఈ పది వేలు ఎందుకని అరవై ఏళ్లుగా దాదాపు ఎవరూ అడగలేదు. అడిగిన కొద్దిమందిలో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ ఒకరు. 2019లో ఆమె బృందం, సగటున 72 ఏళ్లున్న పదహారు వేల పైచిలుకు అమెరికా స్త్రీల అడుగులను లెక్క తీసింది. రోజుకు 2,700 అడుగులు వేసినవారితో పోలిస్తే 4,400 వేసినవారిలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. అడుగులు పెరిగినకొద్దీ ఆ తేడా పెరుగుతూ వచ్చి, 7,500 దగ్గర ఇంచుమించు ఆగిపోయింది. అంటే, విశాఖ బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లివచ్చి, ఇంకా పద్దెనిమిది వందలు తక్కువయ్యాయని రాత్రి పదకొండు గంటలకు హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ దెయ్యం పట్టినవాడిలా నేను తిరిగిన తిరుగుళ్లన్నీ ఆ జపాన్ కంపెనీకి మొక్కుబడి తీర్చుకోవడమేనన్నమాట.

ఆ తిరుగుళ్లలోనే, వంటింట్లోకి వెళ్లిన ప్రతిసారీ, అక్కడ మా అమ్మ ఉండేది. ఆమెకు 74 ఏళ్లు. పాలు తోడుపెడుతూనో, మినప్పప్పు కడుగుతూనో, నేను అడ్డం వస్తే కాస్త పక్కకు జరుగుతూనో ఉండేది. తెల్లవారుజామున సముద్రం ఒడ్డున ఏడు వేలు పూర్తి చేసుకుని వచ్చి, బండి దగ్గర తాగిన రాగి అంబలి ఘనత వర్ణిస్తూ నేను సోఫాలో కూలబడితే, "అలసిపోయావురా" అంటూ కాఫీ తెచ్చి చేతికిచ్చేది. వంటింటి నుంచి సోఫా దాకా పదిహేను అడుగులు. గ్లాసు ఖాళీ అయ్యాక మళ్లీ పదిహేను. అవి ఎవరి ఖాతాలో పడ్డాయి?

ఇక్కడి నుంచి తమరు అనడం నాకు సాధ్యం కాదు. మర్యాద తప్పుతున్నందుకు క్షమించమని కూడా అడగను. ఒరే గడియారమా, 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా ఎంపిక చేసిన ఇళ్లకు తిరిగి, ఎవరి రోజు ఏ పనిలో గడుస్తోందో రాసుకుంది. కూలి లేని ఇంటిపని చేసే ఆడవారికి అప్పట్లో రోజుకు 299 నిమిషాలు పోతున్నట్టు అందులో తేలింది. మగవారికి 97. ఆ 97 కూడా ఇంటిపని ముట్టుకునే మగవారి లెక్క, అటువంటివారు నూటికి 26 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చేయమన్నప్పుడు, అది ఆటే కానక్కరలేదు, ఇంటిపని అయినా సరే, పది నిమిషాలు ఏకబిగిన సాగకపోయినా సరే లెక్కలోకి వస్తుందని కాగితం మీద రాసింది. నీకు మాత్రం చేతులు ఊపుకుంటూ షికారు చేసేవాడే మనిషి. అన్నపు గిన్నె రెండు చేతులా పట్టుకుని నడిచే మనిషి నీ కంటికి కుర్చీలో కూర్చున్న బొమ్మ. ఆ బొమ్మకు లేచి నడవమని చెప్పడానికి నీకు ఏ కాస్తయినా సిగ్గుండాలి. నీ మాట పట్టుకుని రెండేళ్లపాటు మా అమ్మకే నడక గురించి ఉపన్యాసాలు ఇచ్చిన నాకూ ఉండాలి.

ఊరి నుంచి వచ్చిన మర్నాడు నిన్ను ఊడదీసి, లక్ష్యాన్ని 7,500కు దించి, అమ్మ కాలికి, ఒకప్పుడు వెండి పట్టాలుండేచోట, చివరి చిల్లులో బిగించాను. చేయి నిన్ను మోసగించవచ్చు గానీ కాలు అబద్ధమాడదని నా ధైర్యం.

"ఏమిట్రా ఇది, ఆవుకు గంట కట్టినట్టు?"

"నువ్వు ఎంత నడుస్తున్నావో లెక్క తేలుతుందమ్మా."

"నేనెక్కడ నడుస్తున్నానురా, వంటింట్లోనే కదా ఉంటాను!"

ఆ మాటకు జవాబు తోచక ఆఫీసుకు వెళ్లిపోయాను. రాత్రి తొమ్మిదిన్నరకు వంగి చూస్తే 7,040. వీధి గుమ్మం దాటింది ఒక్కసారి, కూరగాయల బండి దగ్గరకు. ఇంకెంత కావాలంటున్నదని అడిగితే నాలుగు వందల అరవై అని చెప్పాను. "దానికేం భాగ్యం" అని లేచింది. పాలు తోడుపెట్టింది. ఇడ్లీకి నానిన పప్పు గ్రైండరులో వేసి, అది తిరుగుతున్నంతసేపూ గట్టు తుడిచింది. పెరటి తలుపు గడియ వేసింది, వీధి తలుపు గడియ వేసింది, గ్యాసు కట్టేసింది, పిండి తీసి గిన్నెలోకి ఎత్తింది, పొత్రం కడిగి గట్టు వారగా కింద ఆరబెట్టింది, పడకగదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది, గ్యాసు కట్టేశానో లేదోనని మళ్లీ వచ్చింది.

సరిగ్గా అప్పుడు, నీకు సంతోషం పట్టలేక, ఆమె చీలమండ మీద గిజగిజలాడావు. "ఓరి నాయనో, జెర్రి!" అని అమ్మ కాలు విదిల్చిన విదిలింపుకు నువ్వు ఊడిపోయి, ఎగిరి వెళ్లి పొత్రానికి తగిలావు. నీ అద్దం మీద మూల నుంచి మూలకు ఉన్న గీత ఆనాటిదే. తీసి చూస్తే ఆ గీత వెనక టపాసులు పేలుతున్నాయి, అభినందనలు అని రాసి ఉంది, అంకె 7,500 దాటి ఉంది. అన్నేసి అడుగులకు ఒక్కసారి నిజం చెప్పావు, అదీ దెబ్బ తిని.

అద్దం మార్చడానికి పన్నెండు వందలు అడిగారు. మార్పించడం లేదు. వచ్చే నెలలో పెదనాన్నగారి మనవరాలి పెళ్లి ఉంది. నన్ను సాంబారుకే పెట్టాలని ఆయన పట్టుబట్టారట. ఆ రోజు నిన్ను నా కాలికి కట్టుకుని, పంచె కింద దాచుకుని, నాలుగు బంతులూ తిప్పుతాను. అప్పుడు చెబుదువుగాని నేను కూర్చున్నానో, నిలబడ్డానో.

ఇట్లు,
నీ లెక్కలో ఇంకా కుర్చీలోంచి లేవని,
సాంబారు బకెట్టు మోసినవాడు